షాక్ కొట్టిన కరివేపాకు

ఆ రోజు పొద్దున నాగరాణికి కరివేపాకు షాక్ కొట్టింది.

పప్పు పోపులోకి ఆకు లేదని గుర్తొచ్చి, స్టవ్వు తగ్గించి, ఆమె మేడ మీదికి వెళ్ళింది. అక్కడ పాత నూనె డబ్బాలో కరివేపాకు చెట్టు ఉంది. మొగుడు పొద్దున్నే నీళ్ళు పోసి దిగినట్టున్నాడు, డబ్బా చుట్టూ ఇంకా తడిగా ఉంది. ఎడమ చెయ్యి డబ్బా అంచు మీద ఆనించి, కుడి చేత్తో రెమ్మ తుంచబోయింది. మోచేతి దాకా ఏదో జివ్వుమని పాకింది. చెయ్యి వెనక్కి తీసుకుని చెట్టు వైపు చూసింది. చెట్టు మామూలుగానే ఉంది. మళ్ళీ ముట్టుకుంది. చెట్టు మళ్ళీ కొట్టింది. ఆమె కిందికి దిగి, ఆకు లేకుండానే పోపు పెట్టి, పప్పు దించి మూత వేసి, అప్పుడు ముందు గదిలో ఎవరివో మిరపకాయలు మిషన్‌లో పడుతున్న మొగుడి దగ్గరికి వెళ్ళి చెప్పింది.

"ఏమయ్యా, కరివేపాకు షాక్ కొడ్తున్నది."

జంగప్ప నవ్వలేదు. కరెంటు విషయాల్లో ఆయన నవ్వడు. మిషన్ ఆపి, చేతులు దులుపుకుని, డాక్టరు రోగిని అడిగినట్టు అడిగాడు.

"ఏ చెయ్యికి కొట్టింది?"

"ఎడమ చెయ్యికి."

"కాళ్ళకు చెప్పులున్నయా?"

"ఇంట్ల చెప్పులేందయ్యా?"

"దవాఖానల ఇచ్చిన గోలీలు మింగుతున్నవా?"

"మింగుతున్న."

"గదీ సంగతి," అని జంగప్ప మళ్ళీ మిషన్ వేశాడు.

నాగరాణికి రక్తం తక్కువగా ఉందని సర్కారు దవాఖానలో ఐరన్ గోలీలు ఇచ్చారు. ఐరనంటే ఇనుము, ఇనుము కరెంటును గుంజుతుంది. కాబట్టి లోపం చెట్టులో లేదు, కరెంటులో అసలే లేదు, నాగరాణిలో ఉంది. కొన్నాళ్ళు గోలీలు ఆపి చూడమని సలహా ఇచ్చాడు. ఆమె ఆపింది. చెట్టు ఆపలేదు.

జంగప్ప కాపురం తాండూరులో, బండల పాలిష్ మిల్లులకు ఆనుకుని ఉన్న గల్లీలో. ముందు గదిలో పిండి గిర్నీ, వెనక ఇల్లు. జొన్నలకూ గోధుమలకూ ఒక మిషన్, మిరపకాయలకూ పసుపుకూ ఇంకో మిషన్. గిర్నీ నాగరాణిది. పెట్టిందీ ఆమే, నడిపిందీ ఆమే, రాళ్ళు అరిగితే గంట్లు వేయించేదీ ఆమే. పాలిష్ మిల్లులో పని మానేసి ఇంటి పట్టున ఉండిపోయాక జంగప్ప ఆ గిర్నీలో ఒక్క శాఖను మాత్రం తన చేతికింద పెట్టుకున్నాడు. కరెంటు శాఖ.

ఆయన కరెంటు గురించి ఎక్కడా చదవలేదు, ఎవరి దగ్గరా నేర్వలేదు. మిల్లులో మిషన్ కింద తడి, మిషన్ మీద తడి, పక్కనే కారుతున్న నీళ్ళ పైపు. అలాంటి చోట పని చేసినన్ని రోజులూ ఒక్క షాకు కూడా తినలేదు. దాంతో కరెంటుకు తనంటే మర్యాద అనే నమ్మకం ఆయనలో గట్టిపడింది. మిల్లులో అందరికీ మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు ఇచ్చేవాళ్ళన్న సంగతిని ఆ నమ్మకం దగ్గరికి రానివ్వలేదు. మిల్లుతో పాటు బూట్లూ పోయాయి గాని అలవాటు పోలేదు. లేచింది మొదలు పడుకునేదాకా లావుపాటి రబ్బరు చెప్పులు ఆయన కాళ్ళకే ఉంటాయి.

గల్లీలో ఎవరింట్లో లైటు మిణుకుమన్నా జంగప్ప వెళ్తాడు. పిలిస్తే వెళ్తాడు, పిలవకపోయినా వెళ్తాడు. టెస్టర్ వాడడు. వేళ్ళ వెనక వైపుతో తీగను తాకి చూస్తాడు. అరచేత్తో ముట్టుకుంటే చెయ్యి బిగుసుకుపోయి తీగను పట్టేస్తుందని, వెనక వైపుతో ముట్టుకుంటే చెయ్యి దానంతటదే విదిలించుకుంటుందని వివరంగా చెబుతాడు. ఆ మాట నిజమే. కాళ్ళకు అన్నేసి రబ్బరున్న మనిషికి ఏ వైపుతో ముట్టుకున్నా ఒకటేనన్నది కూడా అంతే నిజం గాని, దాన్ని ఎవరూ ఆయనకు చెప్పలేదు.

ఆయన రైలు ఉపన్యాసాన్ని వినని ఇల్లు ఆ గల్లీలో లేదు. నాగరాణైతే ఆవాలు చిటపటలాడే లోపల దాన్ని మొత్తం అప్పజెప్పగలదు.

"కరెంటంటే ఏందనుకున్నరు? రైలు! వికారాబాద్ నుంచి తాండూరుకు వచ్చే రైలు ఫేజు. మనుషులు దిగి, గీడ పని జేసుకొని, మళ్ళ వికారాబాద్ పోయే రైలు న్యూట్రల్. రానూ పోనూ రెండూ ఉంటెనే బల్బు ఎలుగుతది. ఎంతమంది వచ్చిన్రో గంతమంది పోవాలె. పోయేటోళ్ళు తక్కువైన్రనుకో, అంటే ఏంది? నడుమల ఎవడో దొంగసాటుగ దిగిండు. గా దిగినోడే షాకు! వాడు ఊకుండడు. భూమిలకు పోవాలె వానికి. తొవ్వ దొరకకుంటే నీ చెయ్యికెళ్లి ఎక్కి నీ కాళ్ళకెళ్లి దిగి పోతడు. గందుకే మనమే ముందుగాల వానికో తొవ్వ ఏసి పెడతం. గదే ఎర్తింగు. సమజైందా?"

అందరికీ సమజయ్యేది. చెప్పడంలో జంగప్పను తప్పు పట్టినవాళ్ళు లేరు. ఇబ్బందంతా ఆయన చెప్పడం ఆపి స్క్రూడ్రైవర్ పట్టుకున్నప్పుడే మొదలయ్యేది.

ఫీజు సంగతే చూడండి. ఫీజు తీగ ఉండేదే కాలిపోవడానికి. తట్టుకోలేనంత కరెంటు వస్తే సన్నటి ఆ తీగ ముందు తను కాలి, దారి తెంచి, గోడలోని వైర్లనూ ఇంటినీ కాపాడుతుంది. ఇది జంగప్పకు తెలుసు, నలుగురికీ చెప్పేవాడు కూడా. కాని తను కట్టిన ఫీజు కాలిపోయిందని ఎవరైనా వచ్చి చెబితే ఆయనకు చిన్నతనంగా ఉండేది. అందుకని రాగి తీగను నాలుగైదు పేటలు మెలితిప్పి కట్టడం మొదలుపెట్టాడు. జంగప్ప కట్టిన ఫీజు ఇక పోదని పేరొచ్చింది.

నిరుడు ఎండాకాలం పక్కింటి ఖుర్షీదా వాళ్ళ కూలరు మోటారు పట్టేసింది. స్విచ్చుబోర్డు కరిగి కారింది, గోడ లోపలి వైరు పొడవునా కాలింది, కిటికీ పరదాకు అంటుకోబోతే పీకి బయట పారేశారు. ఫీజు మాత్రం చెక్కుచెదరలేదు. జంగప్ప వచ్చి నల్లబడ్డ గోడ వైపు చూడనే లేదు. ఫీజు తీసి అందరికీ చూపించాడు.

"చూసిన్రా? ఎట్లున్నదో!"

"ఫీజు మస్తుగున్నది భయ్యా," అంది ఖుర్షీదా. "గోడ ఒక్కటే పోయింది."

ఖుర్షీదాది గల్లీలో అందరికంటే పొడుగు నాలుక, అందరికంటే పెద్ద మనసు. పెళ్ళిళ్ళకు మసాలాలు చేసిస్తుంది. ఆమె మిరపకాయలూ పసుపూ ధనియాలూ అన్నీ నాగరాణి గిర్నీలోనే పట్టాలి. ఆమె ఎటు వెళ్తే గల్లీ ఆడవాళ్ళంతా అటు వెళ్తారు. గోడ పోయిన తర్వాత కూడా ఆమె జంగప్పను భయ్యా అనే పిలుస్తోందంటే దానికి కారణం ఒకటుంది. కరివేపాకు చెట్టు.

గిర్నీ పెట్టిన ఏడు నాగరాణి కోట్‌పల్లిలో తల్లిగారింటికి పోయి వచ్చేసరికి ఇంట్లో రెండు పనులు జరిగి ఉన్నాయి. గిర్నీకి ఎర్తింగు పూర్తయింది. మేడ మీద రెండు ఇటుకల మీద నూనె డబ్బా, డబ్బా నిండా ఎర్రమన్ను, మన్నులో కరివేపాకు మొక్క.

"యాలాల్ ఊరి చెలక మన్ను. మోసుకొచ్చిన. నీ కోసమే," అన్నాడు జంగప్ప, ఎటో చూస్తూ.

పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన ఆమెకంటూ తెచ్చింది అదొక్కటే. తేవడమే కాదు, రోజూ పొద్దున మొహం కూడా కడక్కముందు చెంబెడు నీళ్ళు తీసుకెళ్ళి పోసి వస్తాడు. ఊరికి పోతే ఫోన్ చేసి అడుగుతాడు. "చెట్టుకు నీళ్ళు పోసినవా?" నువ్వు తిన్నావా అని అడగలేదేమని నాగరాణికి ఎప్పుడూ అనిపించలేదు. ఆ చెట్టు ముచ్చట ఆమె ఖుర్షీదాకు చెప్పింది. ఖుర్షీదా వాళ్ళాయనకు చెప్పింది, చెప్పడంతో ఆగక ఆయనను నాలుగు మాటలు అంది. జంగప్ప మీద గల్లీలోని మగవాళ్ళకు కోపం ఉండడానికి కరెంటు కారణం కాదు.

ఇప్పుడు ఆ చెట్టే కొట్టడం మొదలుపెట్టింది. చెట్టు ఒక్కటే అయితే నాగరాణి ఊరుకునేదే. కొన్నాళ్ళకు మిరపకాయల మిషన్ చీమ కుట్టినట్టు చురుక్కుమంది. తర్వాత పక్కనున్న జొన్నల మిషనూ అంటించుకుంది. ఆ తర్వాత ఇంట్లో ఫ్రిజ్ తలుపు.

మంచి సమయం చూసి మొదలైంది. ఎండలు ముదురుతున్నాయి. ఇంటింటా మిద్దెల మీద మిరపకాయలు ఎండుతున్నాయి. ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే కాలం ఇదే. ఈ కాలంలో కారం ఎక్కడ పట్టించుకుంటారో, ఆ తర్వాత జొన్నలూ గోధుమలూ అక్కడికే తీసుకుపోతారు. రోడ్డు మూల మీద జనార్దన్ అనే ఆయన కొత్త గిర్నీ తెరిచాడు. గోడలకు టైల్స్, పైన ఫ్యాను, కూర్చోవడానికి కుర్చీలు. ముట్టుకుంటే కొట్టని మిషన్లు. నాగరాణి తన గడపలో నిలబడి చూస్తే, నెత్తిన సంచితో వచ్చే మనిషి అటు తిరుగుతుందా ఇటు తిరుగుతుందా అన్నది కనబడుతుంది. ఈ నెల జారిపోతే గిర్నీ మూసుకోవడమేనని ఆమెకు తెలుసు.

"ఏమయ్యా, మిషన్ కొడ్తున్నది. యూసుఫ్‌ను పిలుద్దామా?"

యూసుఫ్ ఖుర్షీదా తమ్ముడు. బస్టాండు దగ్గర మోటార్ వైండింగ్ షాపు ఉంది. ఆ పేరు వింటే జంగప్పకు ఒళ్ళు మండుతుంది. కాలిన మోటారు ఏది వచ్చినా యూసుఫ్ మొదటి ప్రశ్న, "జంగన్న ముట్టిండా దీన్ని?" అట.

"కొడ్తున్నదా? ఏదీ?" జంగప్ప మిషన్ మీద అరచెయ్యి పరిచి పెట్టాడు. "నాకేం కొడ్తలేదు."

రబ్బరు చెప్పులు ఏమీ మాట్లాడలేదు.

కారణం మాత్రం ఆయన దగ్గర రోజుకొకటి ఉండేది. ఈ ఏడు మిరపకాయ ఘాటు ఎక్కువ, అది చర్మానికి తగిలి షాకులా అనిపిస్తుంది. చేతులకు గాజులున్నవాళ్ళకే కొడుతుంది. మనసులో భయం ఉన్నవాళ్ళకే కొడుతుంది. చివరికి అసలు కారణం దొరికింది. జనం ఉత్త కాళ్ళతో లోపలికి వస్తున్నారు. ఆ సాయంత్రమే తలుపు మీద చాక్‌పీసుతో రాశాడు. 'చెప్పులతోనే లోపలికి రావలెను.'

ఆ గిర్నీలో చెప్పులు గడప బయట విడవడం మొదటి రోజు నుంచీ నాగరాణి పెట్టిన కట్టడి. నలుగురు తినే పిండి పట్టే చోటు, దసరాకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టే మిషన్లు. ఆ విషయంలో ఆమె కౌన్సిలరునైనా వదల్లేదు, ఒక్క మొగుడి మీదే ఆమె మాట సాగలేదు.

మరునాడు సుమిత్రమ్మ అనే ముసలామె గోధుమల సంచితో వచ్చి గడపలో ఆగింది.

"చెప్పులిడువు సుమిత్రవ్వా," అంది లోపలి నుంచి నాగరాణి.

"ఏసుకొనే రావాలె! బోర్డు జూడు," అన్నాడు జంగప్ప.

"పిండి కాడ చెప్పులేందయ్యా? బుద్ధున్నదా?"

"చెప్పులు లేకుంటే పానం పోతదే!"

"ఏసుకోవాల్నా ఇడువాల్నా? ఒక్కటి జెప్పున్రి, నా మెడ గుంజుతున్నది!" అని అరిచింది సుమిత్రమ్మ. వాళ్ళు ఒక్కటి చెప్పలేదు. ఆమె ఇద్దరి మాటా దక్కించి, ఒక చెప్పు విడిచి ఒక చెప్పుతో లోపలికి వచ్చింది. బయటికి పోతూ, సగం సగమే కొట్టిందని చెప్పింది. జంగప్ప దాన్ని తన సిద్ధాంతానికి రుజువుగా తీసుకున్నాడు.

సుమిత్రమ్మ మళ్ళీ రాలేదు. గడపలో నిలబడితే ఆమె సంచి మూల మీద అటు తిరగడం కనబడింది.

ఖుర్షీదా మాత్రం వచ్చింది. వికారాబాద్‌లో చుట్టాల పెళ్ళి, గంపెడు మిరపకాయలు తెచ్చింది. ఎప్పటిలాగే గడప బయట చెప్పులు విడిచింది. చేతులు కడుక్కుని తుడుచుకోకుండానే మిషన్ దగ్గరికి పోయి, పైన పోసే డబ్బా అంచు పట్టుకుని లోపలికి తొంగి చూసింది.

ఆమె అరవలేదు. అందరికంటే పొడుగు నాలుకగల మనిషి నోటి నుంచి శబ్దం రాలేదు. నాగరాణికి భయం వేసింది అందుకే. ఖుర్షీదా చెయ్యి అంచును పట్టుకుని ఉంది, వదలడం లేదు, భుజం దాకా వణుకుతోంది. నాగరాణి ఆమెను ముట్టుకోలేదు. మొగుడి ఉపన్యాసాల్లో, షాకు తగిలినవాళ్ళను ముట్టుకోవద్దన్న ఆ ఒక్క ముక్క సమయానికి పనికొచ్చింది. ఉరికి వెళ్ళి గోడ మీది మెయిన్ స్విచ్చు కిందికి లాగింది.

ఖుర్షీదా వెనక్కి గోనెసంచుల మీద కూలబడింది. కారం పళ్ళెం ఎగిరి పడింది. గదంతా ఎర్రటి దుమ్ము. అందరూ తుమ్ముతున్నారు. నాగరాణి తుమ్ముతూ, ఏడుస్తూ ఖుర్షీదా చెయ్యి రుద్దుతోంది.

"చెయ్యి ఇడుస్తలేదు రాణక్కా," అంది ఖుర్షీదా చాలాసేపటికి. "నేను ఇడుస్తున్న, అది ఇడుస్తలేదు. అల్లా! నువ్వు లేకుంటే?"

జంగప్ప కూడా మూడుసార్లు తుమ్మి, నాలుగోది ఆపుకుని అన్నాడు. "చెప్పులిడిచి ఎందుకొచ్చినవు చెల్లె? బోర్డు జూడలేదా?"

నాగరాణి లేచింది. కొంగుతో మొహం తుడుచుకుంది. గొంతు పెంచకుండానే అంది.

"మెయిన్ మళ్ళ ఏస్త. చెప్పులిడిచి, గా తడి బండ మీద నిలవడి, మిషన్‌ను ముట్టు."

గడపలో అప్పటికే పదిమంది పోగయ్యారు. జంగప్ప మిషన్ వైపు చూశాడు. తడి బండ వైపు చూశాడు. తర్వాత తన చెప్పుల వైపు చాలాసేపు చూశాడు.

"మోకాళ్ళ నొప్పులకు డాక్టరు చెప్పులిడువద్దన్నడు," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆయనను చూసి గల్లీ నవ్వకపోవడం అదే మొదటిసారి.

"ఎర్తింగు యాడున్నది?" అంది నాగరాణి.

"ఉన్నది."

"యాడ?"

"పెట్టిన్నని జెప్తలేనా?"

"యాడ పెట్టినవయ్యా?"

"ఉండాల్సిన జాగల ఉన్నది తియ్."

నాగరాణి మిషన్ కిందికి వంగి చూసింది. మిషన్ కాలికి బోల్టుతో బిగించిన పచ్చ వైరు పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. అది జొన్నల మిషన్‌ను కలుపుకుని, గోడెక్కి, ఇంట్లో ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర ఇంకో వైరును జత చేసుకుని, కిందికి దిగాల్సింది పోయి పైకి వెళ్ళింది. మెట్ల పక్కనే వెళ్ళింది. ఇన్నేళ్ళుగా రోజూ చూస్తూనే ఉంది, అది టీవీ డిష్ వైరనుకుంది. ఆమె వెనక ఖుర్షీదా, ఖుర్షీదా వెనక గల్లీ, అందరికంటే వెనక జంగప్ప. వైరు పిట్టగోడ వెంబడి పోయి, ఇటుకల పక్క నుంచి వంగి, నూనె డబ్బాలోకి, చెలక మన్నులోకి, కరివేపాకు చెట్టు మొదట్లోకి దిగింది.

నాగరాణి కూర్చుని చేత్తో మన్ను తవ్వింది. వైరు చివర గట్టిగా చుట్టి ఉన్న ఇనుప వస్తువు బయటికొచ్చింది. ఆమె అట్లకాడ. గిర్నీ పెట్టిన ఏడు పోయిన అట్లకాడ.

"హౌ, గిదేనా?" అంది ఖుర్షీదా. కరెంటు దెబ్బ నుంచి నాలుక తేరుకుంది. "గిది నేనే తీస్కపోయిన్నని అనుకుంటివి గదా, ఇన్నేండ్లు?"

నాగరాణి తల వంచుకుని అట్లకాడకు అంటిన మన్ను దులిపింది. అనుకున్న మాట నిజమే.

"ఏమయ్యా? ఏంది గిది?"

అప్పుడు బయటపడింది. ఆమె తల్లిగారింటికి పోయినప్పుడు జంగప్ప గడప పక్కన ఎర్తింగు గుంత తవ్వాడు. మోకాలి లోతుకే బండ తగిలింది. తాండూరు కింద ఉన్నదంతా బండేనని, ఆ బండనే తను మిల్లులో బతుకంతా పాలిష్ పట్టానని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. గడ్డపార వంగింది. చూడ్డానికి జనం మూగారు. వాళ్ళను వెళ్ళగొట్టి, గుంత పూడ్చి, రాత్రంతా ఆలోచించాడు.

"వైరు మన్నుల ఉండాలె. గంతే గదా?" అన్నాడు జంగప్ప. "మన్ను కిందనే ఉండాల్నని ఏమున్నది? గిది చెలక మన్ను! రోజు తడిపిన. ఒక్కరోజు ఎండనిచ్చిన్నా? అడుగు!"

నాగరాణికి రోజూ పొద్దున పైకెక్కే చెంబు గుర్తొచ్చింది. ఊరి నుంచి వచ్చే ఫోన్లు గుర్తొచ్చాయి.

"రైల్లకెళ్లి దొంగసాటుగ దిగినోడు మన పచ్చ వైరు పట్టుకొని గీడికొచ్చిండు," అంది, ఒక్కో మాటా తూచినట్టు. "గీ డబ్బ కింద ఇటుకలు. ఇటుకల కింద మిద్దె. గీడికెళ్లి వాడు యాడికి పోవాలె? జెప్పు."

జంగప్ప డబ్బా కింది ఇటుకల వైపు చూశాడు. ఆయన ఉపన్యాసం ఆయనకే ఇంత బాగా ఎవరూ అప్పజెప్పలేదు.

సంగతి అదే. మిరపకాయల మోటారు లోపల తీగ మీది పూత ఊడి, కరెంటు మిషన్ ఒంటికెక్కింది. సరైన ఎర్తింగు ఉంటే అది నేలలోకి పోయేది. ఎక్కువైతే ఫీజు కాలి మిషన్ ఆగేది. జంగప్ప ఎర్తింగు నేలకు పోదు, జంగప్ప ఫీజు కాలదు. అందుకని ఆ షాకును పచ్చ వైరు రెండు మిషన్లకూ, ఫ్రిజ్‌కూ, కరివేపాకుకూ ఎక్కువ తక్కువలు లేకుండా సమానంగా పంచిపెట్టింది.

"నీ కోసమే అంటివి గదా," అంది నాగరాణి మెల్లగా, అందరూ దిగిపోయాక.

"నీ గిర్నీ కోసమే గదా తెచ్చిన. అది నీ కోసం గానట్టా?" అన్నాడు జంగప్ప. ఆయన అబద్ధం చెప్పడం లేదు. అదే ఆమెకు ఎక్కువ మంటగా ఉంది.

యూసుఫ్ వచ్చాడు. పనిలో చెయ్యి ఎంత చురుకో నోరు అంతకంటే చురుకు. మేడెక్కి డబ్బాను చూసి, అట్లకాడను చూసి, పిట్టగోడ పట్టుకుని కూర్చుండిపోయాడు. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది.

"జంగన్నా, నీ ఇంటికి కరెంటు అట్లు పోస్తున్నదే!"

"పని జూడు, పని," అన్నాడు జంగప్ప.

"అక్కకు ఏమన్న అయ్యుంటే నీ పనే చూస్తుంటి," అన్నాడు యూసుఫ్, నవ్వు ఆపేసి.

మోటారు విప్పి షాపుకు తీసుకుపోయి కొత్త తీగ చుట్టాడు. ఇంటి వెనక, అంట్లు తోమే నీళ్ళు పోయే చోట, ఎప్పుడో పూడ్చేసిన పాత బావి ఉంది. ఊళ్ళో ఎక్కడ బండ ఉన్నా అక్కడ లోతంతా మట్టే. పొడుగు పైపు దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పోసి, పచ్చ వైరును మేడ మీద నుంచి దించి దానికి బిగించాడు. జంగప్ప ఫీజు తీసేసి, తలుపు పక్కన కొత్త స్విచ్చు పెట్టాడు. పోయే కరెంటుకూ వచ్చే కరెంటుకూ తేడా వస్తే అది దానంతటదే పడిపోతుంది.

"రైలు లెక్క!" అన్నాడు జంగప్ప. "నేను జెప్పేది గదే గదా మొదటి నుంచి!"

ఒకసారి తడి గుడ్డతో తుడుస్తుంటే ఆ స్విచ్చు టక్కున పడిపోయింది. జంగప్ప పెదవి విరిచాడు. ఇంత పిరికి స్విచ్చును తను బతుకులో చూడలేదట. తన ఫీజైతే నిలబడేదట. అది మాత్రం నిజం.

తలుపు మీది చాక్‌పీసు రాతను నాగరాణి తడి గుడ్డతో తుడిచేసింది. ముందుగా ఖుర్షీదా వచ్చింది, గడప బయట చెప్పులు విడిచి, చేతులు తుడుచుకుని, కొంగు చుట్టిన వేలి కొసతో మిషన్‌ను తాకి చూసింది. తర్వాత ఉత్త వేలితో. తర్వాత అరచేత్తో. "నక్కో, వద్దు భయ్యా, నువ్వు దూరముండు," అని జంగప్పను కుర్చీలో కూర్చోబెట్టి మిరపకాయలు పోసింది. రెండో రోజుకు గల్లీ వచ్చింది. కారం కాలం ముగిసే లోపల, మూల మీద సుమిత్రమ్మ సంచి ఇటు తిరిగింది. ఆమె రెండు చెప్పులూ విడిచింది.

గిర్నీ నిలబడింది. జంగప్ప కూడా నిలబడ్డాడు. పాత బావి గుంత గురించి యూసుఫ్‌కు తనే చెప్పానని ఇప్పుడు గల్లీలో చెబుతున్నాడు. బావి ఎక్కడుందో చూపించింది తనే కనుక అందులో అబద్ధం వెతకడం కష్టం. రైలు ఉపన్యాసానికి కొత్తగా పాత బావి స్టేషన్ ఒకటి చేరింది.

ఎండలు ఇంకా తగ్గలేదు. ఒక పొద్దున నాగరాణి పోపులోకి ఆకు కోసం మేడెక్కింది. డబ్బా అంచు మీద చెయ్యి ఆనించింది. జివ్వుమనలేదు. చెలక మన్ను పెళుసుబారి పగుళ్ళిచ్చింది. ఆకులన్నీ పసుపుబారి రాలుతున్నాయి. కొమ్మ ముట్టుకుంటే పుల్లలా విరిగింది. ఆమె ఆ పుల్లతోనే కిందికి దిగి, గిర్నీలో కుర్చీలో కాలు మీద కాలేసుకుని, రబ్బరు చెప్పు ఊపుతూ కూర్చున్న మొగుడి ముందు నిలబడింది.

"ఏమయ్యా, ఇన్నేండ్లు నెత్తిన వెట్టుకున్నట్టు సాకితివి. ఊరికి పోయినా ఫోన్ జేసి అడిగితివి. ఇప్పుడు ఒక్క చెంబు నీళ్ళు పోసేటందుకు చెయ్యి వస్తలేదా? చెట్టు ఎండిపోయింది!"

జంగప్ప పుల్లను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఆమెకే ఇచ్చాడు.

"కనెక్షన్ పీకించింది నువ్వే గదనే."